ఒర్వియేతో దువోమో ఫోటోలు: లెన్సు కొనకండి, తిరుగు టికెట్టు మార్చుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. అక్టోబరు చివరి వారంలో అమ్మానాన్నల్ని తీసుకుని రోమ్ వస్తున్నారు. ఒకరోజు పొద్దున్నే బయల్దేరి ఒర్వియేతో అనే కొండ మీది ఊరు, అక్కడి దువోమో (ఊరి పెద్ద చర్చి) చూసుకుని మధ్యాహ్నం 3 గంటల రైలుకి వెనక్కి వచ్చేయాలని ప్లాను. చేతిలో క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సరు) కెమెరా, దాంతో వచ్చిన 18-55 ఎం.ఎం. జూమ్ లెన్సు, ఒక ఫోను. పోయినేడు సియెనాలో ఉదయం పూట తీసిన ఫోటోలు పెట్టారు. చర్చి వెనక్కి పడిపోతున్నట్టుంది, ఆకాశం సున్నం కొట్టినట్టుంది, ముందంతా జనం. ఈసారి అలా కాకుండా ఉండాలంటే వైడ్ లెన్సు కొనాలా అన్నారు.

కొనకండి. ఆ డబ్బులో కొంత పెట్టి ఒర్వియేతోలోనే ఒక రాత్రి గది తీసుకోండి. అది కుదరదంటే కనీసం తిరుగు రైలు రాత్రికి మార్చుకోండి. రోమ్‌లో ఉంటూ పదకొండేళ్లలో ఆ ఊరికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు గానీ, పనికొచ్చే ఫోటోలన్నీ 3 గంటల రైలు వెళ్లిపోయాక తీసినవే.

కారణం సులువు. దువోమో ముఖం, అంటే ముందు గోడ, పడమటి వైపు ఉంటుంది. ఉదయం సూర్యుడు చర్చి వెనకాల ఉంటాడు. గోడ నీడలో, దాని వెనక ఆకాశం వెలుగులో. కెమెరా నీడలో ఉన్న గోడని చూసి 'చీకటిగా ఉందే' అనుకుని ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుగు) పెంచుతుంది, ఆకాశం తెల్లబడిపోతుంది. మీ సియెనా ఫోటోల్లో జరిగింది కూడా ఇదే. దీనికి ఏ లెన్సూ మందు కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ మీలాగే 10 గంటలకి దిగి, రెండొందల ఫోటోలు తీసి, ఇంటికొచ్చి చూసుకుంటే గోడ మీది బంగారం మొజాయిక్ (గాజు ముక్కలతో చేసిన బొమ్మలు) అంతా ఆవాలు నూరి పూసినట్టుంది. ఆ ఫోల్డరు ఇప్పటికీ ఉంచుకున్నాను, అప్పుడప్పుడూ చూసుకుని సిగ్గుపడటానికి.

మధ్యాహ్నం అయ్యేసరికి మీ కుడిచేతి వైపు నుంచి ఎండ ఏటవాలుగా గోడ మీదకి వస్తుంది. సాయంత్రానికి నేరుగా పడుతుంది. అక్టోబరు చివర్లో సూర్యుడు అస్తమించేది నడిపడమరకి కాస్త దక్షిణంగా, అంటే దాదాపు చర్చికి ఎదురుగానే. మీరు ఎంచుకున్న వారం మంచిదే, గంటే తప్పు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, రాసిపెట్టుకోండి. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున ఇటలీలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. శనివారం సాయంత్రం 6 దాటాక అస్తమించిన సూర్యుడు ఆదివారం 5 దాటీ దాటగానే అస్తమిస్తాడు. ఈ సంగతి మర్చిపోయి చర్చి ముందున్న పియాజ్జాలో (ఊరి కూడలిలో) కాఫీ తాగుతూ గంట పోగొట్టుకున్నవాళ్లని చూశాను. మీ తేదీకి సూర్యాస్తమయం ఎప్పుడో ఫోనులో చూసుకుని, దానికి రెండు గంటల ముందే అక్కడ ఉండండి.

ఇక ముఖం వెనక్కి పడిపోవడం గురించి. ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మీకే తెలిసిపోతుంది. దువోమో ముఖం వెడల్పు సుమారు 40 మీటర్లు, ఎత్తు సుమారు 52. మీరు 40 మీటర్ల దూరంలో నిలబడ్డారనుకుందాం. కెమెరాని నిలువుగా పట్టుకుని, ఏమాత్రం పైకెత్తకుండా తిన్నగా పెడితే మీ 18 ఎం.ఎం.కి అందేది నేల నుంచి 28 మీటర్ల దాకా. సగం దాటగానే తెగిపోతుంది. ఫుల్ ఫ్రేము (పెద్ద సెన్సరు) కెమెరాలో 16 ఎం.ఎం. పెట్టినా 46, 47 మీటర్ల దగ్గర ఆగుతుంది. 14 పెడితే గానీ కొస అందదు. అందుకే అందరం కెమెరా పైకెత్తుతాం. ఎత్తగానే సెన్సరు గోడకి సమాంతరంగా ఉండదు, నిలువు గీతలన్నీ పైకి పోతూ దగ్గరైపోతాయి. మంగళగిరి గాలిగోపురాన్ని కింద నుంచి తీసినవాళ్లకి ఇది కొత్త కాదు. అదీ 153 అడుగులు, ఇరుకు వీధి. నేను ఈ పాఠం నేర్చుకున్నది అక్కడే, ఇటలీలో కాదు.

మీ దగ్గరున్న వాటితోనే దీనికి దారులున్నాయి. మొదటిది మీ ఫోను. 0.5 అని ఉండే లెన్సు చాలా ఫోన్లలో సుమారు 13 ఎం.ఎం.కి సమానం. గీతలు చూపించే గ్రిడ్ ఆన్ చేసి, ఫోనుని నిలువుగా, తిన్నగా పట్టుకోండి. కొస దాకా అంచుకి అంచుగా పడుతుంది, గీతలు నిటారుగా ఉంటాయి. కింద సగం ఫ్రేమంతా నేలే వస్తుంది, దాన్ని తర్వాత కోసేయండి. మంచి ఎండలో తీస్తే మిగిలిన సగం చాలినంత నాణ్యంగానే ఉంటుంది. కెమెరా పట్టుకొచ్చి ఫోనుతో తీయడమేంటని మొహమాటపడకండి.

రెండోది, కెమెరాతోనే తీస్తే పైకెత్తే తీయండి గానీ రెండు పక్కలా బోలెడంత ఖాళీ వదలండి. ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో నిలువు సరిచేస్తే పైభాగం వెడల్పు అవుతుంది, కింద మూలలు పోతాయి. ఆ పోయే మూలల్లో చర్చి ఉండకూడదు. పూర్తిగా నూటికి నూరు పాళ్లు నిటారు చేయకండి. ఎనభై, తొంభై దగ్గర ఆపితే కంటికి సహజంగా ఉంటుంది, మొత్తం సరిచేస్తే పైన బరువెక్కి ముందుకి తూలుతున్నట్టుంటుంది.

మూడోది నాకు ఇష్టమైనది. దువోమోకి ఎదురుగా వెనక్కి ఒక వీధి పోతుంది, పేరు వియా మైతాని. ఈ ముఖాన్ని కట్టించిన మేస్త్రి లొరెంజో మైతాని పేరే. సియెనా నుంచి వచ్చి 1310లో ఇక్కడ పెద్ద మేస్త్రి అయి, 1330లో చనిపోయేదాకా ఈ పనిలోనే ఉన్నాడు. ఆ వీధిలోకి వెనక్కి నడుస్తూ పోండి. దూరం పెరిగే కొద్దీ కెమెరా ఎత్తాల్సిన అవసరం తగ్గుతుంది. రెండు పక్కలా ఇళ్ల గోడలు, మధ్యలో గులాబీ కిటికీ (పువ్వులా చెక్కిన గుండ్రటి పెద్ద కిటికీ), దాని మీద కొస త్రికోణం. చర్చి మొత్తం రాదు. వచ్చిన ఆ ముక్కే, వీధి చీకట్లో నుంచి చూస్తే దీపం పెట్టినట్టుంటుంది. 35 నుంచి 55 మధ్య ఎక్కడో మీకు ఫ్రేము దొరుకుతుంది.

ఇంకొకటి. చర్చికి ఎదురుగా పలాజ్జో ఫైనా అనే భవనంలో ఎత్రుస్కన్ (రోమన్లకి ముందు ఇక్కడున్న జనం) కాలపు వస్తువుల మ్యూజియం ఉంది. పై అంతస్తు కిటికీల్లోంచి దువోమో కనిపిస్తుంది. అంత ఎత్తు నుంచి తీస్తే ఒరుగు పూర్తిగా పోదు గానీ బాగా తగ్గుతుంది. అద్దం ఉంటే లెన్సు హుడ్‌ని దానికి ఆనించి తీయండి, లేకపోతే మీ చొక్కా కూడా ఫోటోలో పడుతుంది. మూసే వేళ ముందే కనుక్కోండి.

ఇప్పుడు అసలు సంగతి, వెలుగు. ఈ ముఖం మీద కనిపించే బంగారం రంగు పెయింటు కాదు. చిన్న చిన్న గాజు ముక్కల్లో బంగారు రేకు పొదిగి ఒక్కొక్కటీ చేత్తో అతికించినవి. ఏ రెండు ముక్కలూ ఒకే కోణంలో కూర్చోవు. సాయంత్రం ఎండలో నిలబడి తల కదపకుండా చూడండి, ఏదో ఒక రెక్క వెలుగుతుంది. రెండడుగులు ఎడమకి జరగండి, అది ఆరిపోయి పక్కనున్న తలచుట్టు వెలుగు అంటుకుంటుంది. నాకు తెలిసిన ఫోటోగ్రాఫర్లు చాలామంది ట్రైపాడ్ పాతేసి అదే చోట ముప్పై ఫోటోలు తీస్తారు. ఇక్కడ ఆ పని చేయకండి. చర్చి కదలదు కాబట్టి మీరే కదలాలి. అడుగడుక్కీ ఒకటి తీసుకుంటూ ముంగిలి ఈ చివర నుంచి ఆ చివరికి నడవండి. ఇంట్లో పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు తేడా తెలుస్తుంది.

బంగారం తీసేటప్పుడు కెమెరాకి రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు, 'ఎండ' మీద పెట్టి మర్చిపోండి. ఆటోలో ఉంటే 'ఇంత పసుపేంటి' అని అది నీలం కలిపేస్తుంది. మీరు రెండు గంటలు కాచుకున్నది ఆ పసుపు కోసమే కదా. రెండు, ఎక్స్‌పోజర్ ఒక స్టాపు (అంటే సగం వెలుగు) దాకా తగ్గించి, రా ఫైలులో (కెమెరా కుదించని ఫైలులో) తీయండి. మెరిసిన ముక్క ఒకసారి తెల్లగా కాలిపోతే మళ్లీ రాదు, నీడల్ని మాత్రం తర్వాత లేపుకోవచ్చు. పోలరైజర్ ఫిల్టరు ఉంటే బ్యాగులోనే ఉండనివ్వండి. మెరుపుని చంపడమే దాని పని. ఒకసారి పొద్దున ఆకాశం కోసం పెట్టిన ఫిల్టరు తీయడం మర్చిపోయి సాయంత్రమంతా దాంతోనే తీశాను. చర్చి శుభ్రంగా వచ్చింది, పెళ్లికొచ్చి నగలు పెట్టుకోని మనిషిలాగా.

ఒక చిన్న నిజం కూడా చెప్పాలి. మనం చూసే మొజాయిక్‌లలో చాలావరకు మైతాని కాలానివి కావు, తర్వాతి శతాబ్దాల్లో మళ్లీ మళ్లీ మార్చి చేసినవి. పాత వాటిలో ఒకటి, మరియ పుట్టుక ఘట్టం, ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పునాదిరాయి వేసింది 1290లో, పోప్ నాలుగో నికోలస్ చేత. గులాబీ కిటికీ ఒర్కాన్యా అనే శిల్పిది, 14వ శతాబ్దం రెండో సగం. నడి తలుపు మీదున్న కంచు పని మాత్రం శిల్పి ఎమీలియో గ్రెకో చేసింది, 1970లో పెట్టారు. అది మనకి మొన్నటి సంగతే. ఇవన్నీ ఫోటోకి ఎందుకంటారేమో. దగ్గరికెళ్లి ముక్కలుగా తీసేటప్పుడు ఏది ఏ కాలందో తెలిస్తే దేని ముందు ఎక్కువసేపు ఆగాలో తెలుస్తుంది.

నన్నడిగితే ఆగాల్సింది కింద. తలుపుల మధ్యా పక్కలా ఉన్న నాలుగు వెడల్పాటి స్తంభాల మీద పాలరాతి చెక్కడాలున్నాయి. ఎడమ చివర సృష్టి కథ, కుడి చివర తుది తీర్పు. సృష్టి కథలో, నిద్రపోతున్న ఆదాము పక్కలోంచి దేవుడు ఎముక తీసే చోటు వెతకండి. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. కుడివైపు అడుగున నరకం. అక్కడి మనుషుల నోళ్లు చూస్తే అరుపు వినిపిస్తుంది. వీటికి సాయంత్రపు ఎదురెండ పనికిరాదు, ఎదురుగా వెలుగు పడితే చెక్కడం చదునైపోతుంది. మధ్యాహ్నం ఏటవాలు ఎండ కుడి నుంచి వస్తున్నప్పుడు, 55 దగ్గర పెట్టి, ఎఫ్ 8లో (లెన్సు రంధ్రం సైజు) తీయండి. వేలి గోరంత లోతు కూడా నీడతో సహా లేచి వస్తుంది. అంటే మధ్యాహ్నం దగ్గరగా, సాయంత్రం దూరంగా. ఆ రోజుకి మీ క్రమం అదే.

చర్చి పక్కగోడల్ని వదలకండి. నల్ల బసాల్టు రాళ్ల వరస, తెల్ల ట్రావర్టీన్ రాళ్ల వరస, మళ్లీ నలుపు, మళ్లీ తెలుపు, చివరిదాకా అంతే. లెన్సులో వంపు ఉంటే ఆ చారలు వెంటనే పట్టిచ్చేస్తాయి. 18 దగ్గర కెమెరాతో వచ్చే కిట్ లెన్సులు దాదాపు అన్నీ కాస్త పొట్ట తీస్తాయి, 24కి జూమ్ చేసి రెండడుగులు వెనక్కి వేస్తే చాలావరకు పోతుంది. ఫోటోని బాగా చిన్నది చేసి పెట్టినప్పుడు చారల మీద వింత రంగుల అలలు కనిపిస్తే కెమెరా పాడైందని కంగారు పడకండి. చారల వరసా, తెర మీది చుక్కల వరసా ఒకదాంతో ఒకటి పడక వచ్చేది అది. సైజు కాస్త మారిస్తే పోతుంది.

పియాజ్జా మూల మీద, వియా దెల్ దువోమో కలిసే చోట, ఒక గడియారపు గోపురం ఉంటుంది. పైన కంచు బొమ్మ, ఊరివాళ్లు మౌరీజియో అంటారు. 14వ శతాబ్దం మధ్యలో, చర్చి కట్టే కూలీలకి పని వేళలు చెప్పడానికి పెట్టారు. ఇప్పటికీ సుత్తితో గంట కొడతాడు. గంట కొట్టే క్షణానికి ఐదు నిమిషాల ముందే కింద చేరి, షట్టరు వేగం 1/500 పైన పెట్టుకుని కాచుకోండి. మీ నాన్నగారికి ఇది నచ్చుతుందని నా అనుమానం.

ఊరి కప్పుల మీదుగా చర్చి కావాలంటే కోర్సో కవూర్ మీదున్న తోర్రె దెల్ మోరో ఎక్కాలి. 47 మీటర్ల గోపురం, చాలా మెట్లు. అమ్మానాన్నల్ని కింద కాఫీ దగ్గర కూర్చోబెట్టి మీరొక్కరే వెళ్లి రండి. పెద్దవాళ్లకి దువోమో దాకా మాత్రం కష్టం లేదు. రైలు స్టేషను కొండ కింద ఉంటుంది, ఎదురుగానే కేబుల్‌తో లాగే ఫ్యునిక్యులార్ బండి పైకి తీసుకెళ్తుంది, అక్కణ్ణుంచి చిన్న బస్సు పియాజ్జా దాకా వస్తుంది. నడిచినా పావుగంటే.

జనం గురించి అడిగారు. రోజువారీ వచ్చి పోయేవాళ్లు సాయంత్రానికి చాలావరకు దిగిపోతారు, మిగిలేది ఊరివాళ్లు. వాళ్లని తప్పించాలని చూడకండి. 52 మీటర్ల గోడ ఎంత పెద్దదో చెప్పడానికి కింద ఒక మనిషి కావాలి. సైకిలు తోసుకుంటూ పోయే ముసలాయన ఒక్కడు చాలు. అతను తలుపు నీడ దాటి ఎండలోకి అడుగు పెట్టేదాకా ఆగి నొక్కండి.

చర్చి లోపల సాన్ బ్రిజియో చాపెల్‌లో (చిన్న ప్రార్థన మందిరంలో) చిత్రకారుడు సిన్యొరెల్లి 1499లో మొదలుపెట్టి గీసిన చిత్రాలున్నాయి. లోపలికి వెళ్లండి, కెమెరా మెడకే వేలాడనివ్వండి, తల ఎత్తి చూడండి. అక్కడ నేను ఫోటోలు తీయడం మానేసి చాలాకాలమైంది.

డ్రోను తేవద్దు. కెమెరా ఉన్న చిన్నదానికి కూడా ఇక్కడ రిజిస్ట్రేషన్ కావాలి, పాత ఊళ్ల మీద ఎగరేయడానికి వేరే అనుమతులు. ఒక్కరోజు కోసం ఆ తలనొప్పి ఎందుకు? ఫోటోలు మీ కోసం తీసుకోవడానికి, ఇంట్లోవాళ్లకి పంచుకోవడానికి ఎవరూ ఏమీ అనరు. అమ్ముకోవాలనుకుంటే మాత్రం ఇటలీ చట్టంలో ఇలాంటి కట్టడాల చిత్రాలకి అనుమతి, రుసుము అని ఉంటాయి, అది గుర్తుంచుకోండి.

ఇక మీరు అడగనిది, కానీ తప్పకుండా తీసేది: చర్చి ముందు అమ్మానాన్నల ఫోటో. అందరూ చేసే పొరపాటు, ఇద్దర్నీ చర్చి మెట్ల మీద నిలబెట్టి వెనక్కి వెనక్కి నడవడం. చర్చి మొత్తం వచ్చేసరికి అమ్మ అగ్గిపుల్లంత అవుతుంది. వాళ్లని మీ దగ్గరే, మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉంచండి. చర్చి వెనక ఎలాగూ ఉంటుంది. ఇంకో చిక్కు, చర్చికి వీపు పెట్టి మీ వైపు చూస్తే వాళ్ల మొహాలు తిన్నగా పడమటి ఎండలోకి ఉంటాయి. నాన్న కళ్లు చిట్లిస్తారు, అమ్మ చేయి అడ్డం పెట్టుకుంటుంది.

కాబట్టి ఆగండి. సూర్యుడు ఎదురిళ్ల కప్పుల వెనక్కి దిగుతున్నప్పుడు ఆ ఇళ్ల నీడ ముందు నేల మీద పరుచుకుని, చర్చి మెట్లెక్కి, తలుపులు మూసి, మెల్లగా పైకి పాకుతుంది. కింద అంతా చల్లటి మెత్తని నీడ, పైన గులాబీ కిటికీ నుంచి కొస దాకా ఇంకా బంగారం. అప్పుడు అమ్మానాన్నలు నీడలో ఉంటారు, కళ్లు మామూలుగా తెరుచుకుంటాయి, వాళ్ల తలల మీద చర్చి వెలుగుతుంటుంది. ఎక్స్‌పోజర్ పై బంగారానికి పెట్టండి, మొహాలు రా ఫైలులో కొంచెం లేపుకోండి. ఈ వేళ పది పదిహేను నిమిషాలకంటే ఎక్కువ ఉండదు. ఆ తర్వాత ఓ ఇరవై నిమిషాలు ఆకాశం ముదురు నీలం అవుతుంది, దీపాలు వెలిగితే గోడకి చేయి ఆనించి ఐఎస్ఓ (వెలుగుకి సెన్సరు స్పందించే మోతాదు) 1600లో ఇంకో నాలుగు తీసుకోవచ్చు.

అమ్మగారికి చెప్పి ఆ రోజుకి ముదురు రంగు చీర, పైన ఒక శాలువా పెట్టించండి. కొండ మీద ఊరు, ఎండ పోగానే చలి దిగుతుంది, వణుకుతున్న మనిషి ఫోటోలో నవ్వదు. మీరు వెళ్లే తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ రోజు సూర్యాస్తమయాన్ని బట్టి గంటల లెక్క వేసి పెడతాను.